ఖాళీ విస్తరి పక్కన మా బంతి

పోయినవారం హైమవతిని ల్యాబ్ గుమ్మంలో వదిలేశాం. చెప్పులు విప్పి, తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని, కంప్యూటర్ తెర వైపు చూస్తూ నిలబడి ఉంది. పాపం, ఇంకా అక్కడే ఉంది.

సంగతి ఇదీ. రామచంద్రపురం భ్రమరాంబ మహిళా డిగ్రీ కాలేజీలో హైమవతి కంప్యూటర్ లెక్చరర్, అదీ కాంట్రాక్టు మీద. ఈ ఉదయం యూనివర్సిటీ కమిటీ వచ్చి ల్యాబ్ చూస్తుంది. ల్యాబ్ నడుస్తోందని రాస్తే కోర్సు ఈ ఊళ్ళోనే ఉంటుంది. నడవడం లేదని రాస్తే ఇదే యాజమాన్యం నడిపే రాజమండ్రి క్యాంపస్‌కి వెళ్ళిపోతుంది. కోటిపల్లి నుంచి, ద్రాక్షారామం నుంచి వచ్చే ఆడపిల్లల ఇళ్ళల్లో ముందే తేల్చి చెప్పేశారు, రాజమండ్రి అయితే చదువు చాలు, మానిపించేస్తామని. ఆ సంగతి రెండు చోట్లకీ కొత్త డైరెక్టర్ అయిన ఉదయభాస్కర్‌కి బాగా తెలుసు. తెలిసే ఆ పని మీదున్నాడు. మెయిన్ రోడ్డు పక్కనున్న ఈ కాలేజీ స్థలంలో ఏసీ కల్యాణమండపం కట్టాలని ఆయన ముచ్చట.

కమిటీకి చూపించాల్సింది పిల్లలు రోజూ పని నేర్చుకునే నమూనా డేటాబేస్. హైమవతి పొద్దున్నే వచ్చేసరికి పిల్లలు దాన్ని తెరిచి కూర్చున్నారు. పేరు పేరులాగే ఉంది. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు.

ఆ డేటాబేస్ పేరు 'పెళ్ళివిందు'.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పకపోతే ఆవిడ బాధ మీకు సగమే తెలుస్తుంది. హైమవతి కొత్తగా చేరినప్పుడు పుస్తకంతోపాటు వచ్చిన నమూనాతో పాఠం చెప్పేది. అందులో ఏదో దేశంలో సైకిళ్ళు అమ్మే కంపెనీ, నోరు తిరగని పేర్లున్న గుమాస్తాలు, ఎవరికీ అక్కర్లేని ఆర్డర్లు. పిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఆవలించేవారు. ఒకరోజు విసుగెత్తి, "పోనీ మనమే ఒక పెళ్ళి చేద్దామా?" అంది. అంతే, క్లాసంతా లేచి కూర్చుంది. చుట్టాలకో పట్టిక, వంటకాలకో పట్టిక, ఏ బంతిలో ఎవరు కూర్చున్నారో చెప్పడానికి ఇంకో పట్టిక. గుమ్మడికాయ పులుసు ఏ బంతికి అందలేదు? రెండు బంతుల్లోనూ కూర్చుని తిన్న మహానుభావుడు ఎవరు? ఇలాంటి ప్రశ్నలతో, పుస్తకంలో నెల పట్టే పాఠం వారంలో ఒంటపట్టింది. ఆ తర్వాత అదే ఆనవాయితీ అయిపోయింది. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయీ తన ఇంటివాళ్ళని చుట్టాలుగా చేర్చి, తమ ఊరి వంటకం ఒకటి ఎక్కించాలి. ఆత్రేయపురం అమ్మాయి పూతరేకులు వేసింది. అంబాజీపేట అమ్మాయి పొట్టిక్కలు వేసింది. ఏటేటా బంతి పెరుగుతూనే వచ్చింది.

ఇప్పుడు ఆ బంతిలో ఎవరూ లేరు. పట్టికలన్నీ ఊడ్చేసిన విస్తళ్ళలా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం ఎవరొచ్చారు ప్రేమ్ కుమార్ గారూ?" అని అడిగింది హైమవతి.

ల్యాబ్ అసిస్టెంట్ ప్రేమ్ కుమార్ తాళాలగుత్తి రెండు చేతులతో పట్టుకుని నుంచున్నాడు. "రాజమండ్రి క్యాంపస్ నుంచి ఇద్దరొచ్చారండి. సర్వీసింగ్ అన్నారండి. డైరెక్టర్ గారి మనుషులని తలుపు తీశానండి. బయట కూర్చోమన్నారండి, కూర్చున్నాను."

"అడగొద్దా అండీ, ఏం చేస్తున్నారని?" అంది నాగదుర్గ. ఫైనలియర్ అమ్మాయి, కోటిపల్లి నుంచి వస్తుంది, నోరు కొంచెం దురుసు. "మా అక్కని కూడా తుడిచేశారు మేడమ్. చూడండి, చుట్టాల పట్టికలో మా రామతులసక్క లేదు. తను ఎక్కించిన కొబ్బరి లౌజు కూడా లేదు."

రామతులసి ఇదే ల్యాబ్‌లో చదివి ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఆవిడని చూపించే నాగదుర్గ ఇంట్లో గొడవపడి ఈ కోర్సులో చేరింది.

హైమవతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఒళ్ళుమంట. ఇన్నేళ్ళూ ఎవరేమన్నా సరేనండీ అని తల ఊపిన మనిషి. జీతం ఆలస్యమైతే సరేనండీ. సెలవుల్లో డ్యూటీ వేస్తే సరేనండీ. కానీ తన పిల్లలు పెట్టుకున్న విందులోంచి విస్తళ్ళు లాగేస్తే, దానికి మాత్రం సరేనండీ అనే మాట ఆవిడ నోట రాలేదు.

"బీరువా తియ్యండి," అంది. "బ్యాకప్ ఉంది."

బ్యాకప్ అంటే మరేం లేదు. విందు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లో మూటకట్టి దాచుకోవడం. ఎప్పుడైనా పాడైతే ఆ మూట విప్పి, అలాగే మళ్ళీ వడ్డించవచ్చు. దసరా సెలవులిచ్చే ముందు హైమవతి ఆ మూట కట్టి, తన సొంత పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బీరువాలో దాచింది. అది తీసి సర్వర్‌కి గుచ్చింది.

ఏమీ కాలేదు. తీసి మళ్ళీ గుచ్చింది. ఉలుకూ పలుకూ లేదు.

నాగదుర్గ పెన్‌డ్రైవ్ తీసి వెలుతురులో పెట్టి చూసింది. "మేడమ్, దీని నోట్లో ఏదో ఉంది. పచ్చగా, ఎర్రగా."

ప్రేమ్ కుమార్ ముఖం మాడిపోయింది. "అమ్మబాబోయ్," అన్నాడు. "దసరాకి ఆయుధపూజ చేశాను కదండీ. అన్నిటికీ బొట్టు పెట్టానండి. సర్వర్‌కీ, మౌస్‌లకీ, జిరాక్స్ మిషన్‌కీ. బీరువాలో ఇదొక్కటీ ఎందుకు మిగిలిపోవాలని, పసుపు కలిపి దీనికి కూడా..."

"సరిగ్గా నోట్లోనే పెట్టారా?"

"బొట్టు ముఖానికే కదండీ పెడతాం. అదే దాని ముఖం అనుకున్నాను."

ఇంకొక రోజైతే క్లాసంతా పడీపడీ నవ్వేది. ఆ రోజు కూడా వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే గుమ్మంలో అంతకన్నా పెద్ద నవ్వు వినబడింది.

ఉదయభాస్కర్ లోపలికొచ్చాడు. వానలో వచ్చినా మడత నలగని చొక్కా. చేతిలో ఫోను. ల్యాబ్‌లోకి బూట్లతోనే వచ్చేశాడు, నేల మీద మట్టి ముద్రలు పడ్డాయి.

"బ్యాకప్‌కి బొట్టా? బాగుందండీ. కమిటీకి ఇదే చూపిద్దాం, మన టెక్నాలజీ." ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏంటి మేడమ్, అంతా రెడీయేనా?"

"డేటాబేస్ ఖాళీగా ఉందండి," అంది హైమవతి. "నిన్న సాయంత్రం మీవాళ్ళు వచ్చి వెళ్ళాక."

"ఖాళీగా ఎందుకుంటుంది? మీ పిల్లలే చెరిపేసి ఉంటారు. అందుకే మొన్న సర్క్యులర్ ఇచ్చాను. కమిటీ వచ్చేదాకా సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఉన్నదాంట్లో ఎవరు చెయ్యి పెట్టినా ట్యాంపరింగ్ కింద రాస్తాను. అంతగా కావాలంటే పుస్తకంలో ఇచ్చిన నమూనా ఉంది కదా, ఆ సైకిళ్ళ కంపెనీ. అది చూపించండి."

"కమిటీ పిల్లల్ని ప్రశ్నలడుగుతుందండి. వాళ్ళు నేర్చుకున్నది దీంట్లో."

"నమూనా నమూనాయే కదా మేడమ్. ఏదైతే ఏంటి?"

హైమవతి పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకుంది. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి దూదీ స్పిరిటూ తెమ్మంది. ఒక అమ్మాయి మూలనున్న కొబ్బరిచీపురు నుంచి పుల్ల విరిచి తెచ్చింది. పుల్ల కొసకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, పిల్లాడికి చెవి తుడిచినట్టు మెల్లగా తుడవడం మొదలుపెట్టింది. దూది పచ్చబడింది. ఇంకో దూది. అదీ పచ్చబడింది. ప్రేమ్ కుమార్ పక్కనే నిలబడి పెదాలు కదుపుతున్నాడు, ఏ దేవుడికి మొక్కుకుంటున్నాడో ఆయనకే తెలియాలి. ఫ్యాన్ కింద పెట్టి ఆరనిచ్చి, మళ్ళీ సర్వర్‌కి గుచ్చింది.

పెన్‌డ్రైవ్ చివర చిన్న లైటు వెలిగింది.

"వెలిగిందండీ!" అన్నాడు ప్రేమ్ కుమార్, గర్భగుడిలో హారతి చూసినట్టు.

ఫైల్ ఉంది. తేదీ ఉంది, సైజు ఉంది. హైమవతి మూట విప్పి రీస్టోర్ చేసే కిటికీ తెర మీద తెరిచి ఆ ఫైల్‌ని చూపించింది. ఏ పేరుతో వడ్డించమంటావని అడిగితే, అలవాటుగా పెళ్ళివిందు అనే కొట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉందనీ, దాని మీదే వడ్డించాలంటే ఫలానా గడిలో టిక్ పెట్టమనీ అంది.

చిన్న గడి. ఒక్క టిక్. హైమవతి చెయ్యి మౌస్ మీదే ఉంది.

అప్పుడు తెర నల్లటి అంచులో ఉదయభాస్కర్ నీడ కనబడింది. కుర్చీలోంచి లేచి ఆవిడ వెనక నిలబడ్డాడు. ఫోను ముఖానికి ఎత్తి పట్టుకున్నాడు. వీడియో తీస్తున్నాడు.

ఒక్క క్షణంలో ఆవిడకి అంతా అర్థమైంది. పేరు అలాగే ఉంచి లోపల మాత్రం ఎందుకు ఖాళీ చేశారో అర్థమైంది. కంగారులో తను దాని మీదే రాసేస్తుంది. ఉన్న డేటాబేస్‌ని లెక్చరర్ చెరిపేసిందని వీడియో ఉంటుంది. కోర్సుతోపాటు ఆవిడ ఉద్యోగం కూడా పోతుంది, పైగా తప్పు ఆవిడదే అవుతుంది. వేలు కిందికి దిగితే అయిపోయేది.

మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"తియ్యండి సార్, బాగా తియ్యండి," అంది వెనక్కి తిరగకుండానే. "లైటు చాలకపోతే ఆ ట్యూబ్‌లైటు కూడా వేయిస్తాను. పెళ్ళివిందు జోలికి నేను పోవడం లేదు. మీరు వేయించిన ఖాళీ విస్తరి అది. ఎవరు వేయించారో అందరూ చూడాలి, అలాగే ఉండనివ్వండి. దాని పక్కన మా బంతి మేం వేసుకుంటాం."

"అంటే?" అన్నాడు ఉదయభాస్కర్. ఆ గొంతు ఆవిడదేనా అన్నట్టు చూశాడు.

"అంటే కొత్త పేరుతో వడ్డిస్తానండి. సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మీ సర్క్యులర్ నేను చదివాను. కొత్తది పెట్టకూడదని అందులో లేదు."

పేరు దగ్గర 'రెండోబంతి' అని కొట్టింది. మీట నొక్కింది. యంత్రం మళ్ళీ ఎర్రటి అక్షరాలు చూపించింది.

"చూశారా? అదే వద్దంటోంది," అని నవ్వాడు డైరెక్టర్.

పిల్లల ముఖాలు వాడిపోయాయి. హైమవతి మాత్రం ఆ ఎర్రటి వాక్యాన్ని తాపీగా, ఆఖరి దాకా చదివింది. పైన పేరు మార్చింది గానీ, కింద డిస్కులో రాసే ఫైళ్ళకి పాత పేర్లే ఉన్నాయి. ఆ పేర్లతో ఖాళీది అక్కడ కూర్చునే ఉంది. ఒకరు కూర్చున్న పీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టమంటే ఎలా? ఫైళ్ళ పేర్లు కూడా మార్చి, వాటికి వేరే చోటు చూపించి, మళ్ళీ మీట నొక్కింది.

ఈసారి యంత్రం గొణగలేదు. ఆకుపచ్చ గీత మెల్లగా కదిలింది, సగంలో ఆగింది. మళ్ళీ కదిలింది. రీస్టోర్ పూర్తయిందని తెర మీద వచ్చింది.

"నాగదుర్గా, రా. మీ అక్క ఉందో లేదో చూసుకో."

నాగదుర్గ కుర్చీ అంచున కూర్చుని టకటకా టైపు చేసింది. కోటిపల్లి చుట్టాలు ఎవరు, వాళ్ళు పెట్టిన వంటకం ఏంటి. తెర మీద ఒక్కొక్క పేరూ దిగింది. రామతులసి, కొబ్బరి లౌజు, మొదటి బంతి. ఆ వరసకి పక్కనే నాగదుర్గ, పనసపొట్టు కూర.

"వచ్చేసింది మేడమ్! అందరూ వచ్చేశారు!" ఆ పిల్ల లేచి హైమవతిని గట్టిగా పట్టేసుకుంది. వెనక బెంచీల పిల్లలంతా తెర మీదికి ఎగబడ్డారు. నా పేరు చూడవే, మా నాన్నమ్మని చూడవే, పూతరేకులు ఉన్నాయా అని ఒకటే గోల. ప్రేమ్ కుమార్ సర్వర్‌కి దణ్ణం పెట్టి, అలవాటుగా జేబులోని కుంకుమ పొట్లం మీదకి చెయ్యి పోనిచ్చి, నాలిక కరుచుకుని వెనక్కి తీసుకున్నాడు.

హైమవతి ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషం ఎన్నడూ ఎరగదు. ఆ సంతోషంలోనే ఉదయభాస్కర్ వైపు తిరిగింది. "కమిటీని తీసుకురండి సార్. మేం రెడీ."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. అది చూసే భయం వేసింది ఆవిడకి.

"కమిటీ ఇక్కడికి ఎందుకొస్తుంది మేడమ్? పొద్దున్నే రాజమండ్రి క్యాంపస్‌లో దిగారు. అక్కడ టిఫిన్లు అవుతున్నాయి. ఈ ల్యాబ్ సంగతి నేను ఫోన్లో చెప్పాను, డేటాబేస్ పోయింది, ల్యాబ్ మూతపడిందని. ఇంత వానలో ఇంత దూరం దేనికని అక్కడే రాసేసుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సంతకాలు." ప్యాంటు దులుపుకున్నాడు. "అన్నట్టు ఆ పెన్‌డ్రైవ్ ఇలా ఇవ్వండి. కాలేజీ ఆస్తి."

పిల్లలు తెర వదిలేసి హైమవతి చుట్టూ చేరారు.

హైమవతి సర్వర్ నుంచి పెన్‌డ్రైవ్ జాగ్రత్తగా తీసింది. మూత పెట్టింది. గుప్పిట్లో బిగించింది.

"కాలేజీ ఆస్తి సర్వర్‌లో ఉందండీ, మీ ఎదురుగానే పెట్టాను. ఇది నా సొంత డబ్బుతో నేను కొనుక్కున్నది. ఇవ్వను."

"ఏమన్నారు?"

"ఇవ్వను అన్నానండి." ఆ మాట ఇంత తేలికని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. "కమిటీ మా ల్యాబ్‌కి రాకపోతే మా ల్యాబే కమిటీ దగ్గరికి వెళ్తుంది. కంప్యూటర్ ఎక్కడుంటే అక్కడ మా బంతి వేసుకుంటాం. రాజమండ్రిలో కంప్యూటర్లు ఉన్నాయి కదా, మీరే గొప్పగా చెప్పారు. పదండర్రా, ఐడీ కార్డులు తగిలించుకోండి."

బెంచీలు దడదడమన్నాయి. పిల్లలు ఆవిడ వెనకే వరండాలోకి, అక్కణ్ణుంచి వానలోకి దిగారు. షెడ్డు కింద కాలేజీ బస్సు ఉంది. డ్రైవర్ ఏసురాజు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూసి లేచాడు గానీ ముఖం వేలాడేసుకున్నాడు.

"ఆయ్, మేడమ్ గారూ. బస్సు తాళం డైరెక్టర్ గారు పొద్దున్నే పట్టుకెళ్ళిపోయారండి."

అంతా ముందే ఆలోచించాడు మహానుభావుడు! హైమవతి ఒక్క క్షణం నిలబడి, గేటు బయట మెయిన్ రోడ్డు వైపు చూసింది. కాలేజీని కల్యాణమండపం చేయాలని ఆయనకి ఆశ పుట్టించిన రోడ్డు అదే.

"అందరి దగ్గరా ఆధార్ కార్డులున్నాయా?"

"ఉన్నాయి మేడమ్!"

"అయితే ఆయన తాళం ఆయన దగ్గరే ఉంచుకోమనండి. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి టికెట్టే లేదు."

ఏసురాజు ముఖం వెలిగిపోయింది. "ఉండండి మేడమ్ గారూ, మండపేట మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సు వచ్చే వేళే," అని వానలో పరుగెత్తి రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. వస్తున్న బస్సు కీచుమని ఆగింది. డ్రైవర్ తిట్టడానికి తల బయట పెట్టి, ఎదురుగా ఇంతమంది ఆడపిల్లల్ని చూసి తిట్టు మింగేశాడు.

అందరూ ఎక్కారు. సీట్లు చాలక సగంమంది నుంచున్నారు. బస్సు ఊరు దాటుతుండగా హైమవతి ఫోను మోగింది. మెసేజ్. ఉదయభాస్కర్ నుంచి. ఈ క్షణం నుంచి మీ కాంట్రాక్టు రద్దు. రాజమండ్రి క్యాంపస్‌లోకి మీకు ప్రవేశం లేదు. సెక్యూరిటీకి ఫొటో పంపాను.

ఒకసారి చదివింది. ఇంటి అద్దె, అత్తగారి మందులు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని తెరిచింది. పక్కన నాగదుర్గ ఆ మెసేజ్ మొత్తం చదివేసింది, అలాంటి పిల్ల మరి.

"మేడమ్, ఇప్పుడెలా? మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తారు."

"నన్ను ఆపుతారు. మీరు ఆ యాజమాన్యం కాలేజీ విద్యార్థులు. ఆ ఐడీ కార్డు మెళ్ళో ఉండగా మిమ్మల్ని ఆపే హక్కు ఎవరికీ లేదు." హైమవతి ఆ పిల్ల అరచెయ్యి తెరిచి, పెన్‌డ్రైవ్ అందులో పెట్టి, వేళ్ళు మూసింది. "నువ్వు వడ్డించు."

నాగదుర్గ దురుసు నోరు మొదటిసారి తడబడింది. "నేనా? నేనెప్పుడూ రీస్టోర్ చెయ్యలేదు మేడమ్. ఎప్పుడూ మీరే చేసేవారు. తప్పయితే? కమిటీ ముందు ఎర్ర అక్షరాలొస్తే?"

"వస్తే ఆఖరి దాకా చదువు. ఇందాక నేనూ అదే చేశాను. దారి పొడుగునా చెబుతాను, ద్వారపూడి వచ్చేసరికి నువ్వు నాకు అప్పజెప్పాలి."

కిటికీ అద్దం లోపల ఆవిరి పట్టి మసకగా ఉంది. హైమవతి చీర చెంగు సర్దుకుని, ఆ మసక మీద వేలితో రెండు గడులు గీసింది. నుంచున్న పిల్లలంతా ముందుకి వంగారు.

"ఇది వాళ్ళ ఖాళీ విస్తరి," అంది మొదటి గడి చూపించి. "అక్కడా ఇలాంటిదే వేసి ఉంచితే దీన్ని ముట్టుకోవద్దు, ఎవరు కంగారుపెట్టినా సరే. ఇప్పుడు చెప్పు, మన బంతి ఎక్కడ వేస్తాం?"

నాగదుర్గ రెండో గడి మీద వేలు పెట్టింది. ఆ మసకలోనే 'రెండోబంతి' అని రాసింది.